పాలీ షార్ట్స్ కొండ దాకా వెళ్ళిన అమ్మాయికి

చి. కల్యాణికి అమ్మ ఆశీర్వదించి రాసేది,

ఇక్కడ అందరం క్షేమం. వానలు ఇంకా సరిగ్గా పట్టలేదు. వెనక వాటా వాళ్ళు ఖాళీ చేశారు, సున్నం వేయించాలి. మీ నాన్నగారి కంటి ఆపరేషన్ బాగానే అయింది. చుక్కలు నేనే వేస్తున్నాను, ఆయనకి వదిలేస్తే సగం చెంప మీదే పడుతున్నాయి. సుబ్బరాజు గారి పనస ఈసారి విరగకాసింది.

నీ మెసేజ్‌లు చూస్తున్నాను. "ఓకే అమ్మా", "బిజీ అమ్మా". దక్షిణాఫ్రికాలో ఆ కామ్రేడ్స్ పరుగు అయిన దగ్గర్నుంచి ఇంతే. బూట్లు ఎవరికో ఇచ్చేశావనీ, "నాకంత మనసు లేదు, ఇది నా వల్ల కాదు" అన్నావనీ బుజ్జి చెప్పాడు. వాడు చెప్పేవన్నీ నేను నమ్మను. శాంతత్త మోకాలి గురించి కూడా ఏదేదో చెప్పాడు. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

పరుగు రోజు ఫోన్‌లో నీ పరుగు నంబరు పెట్టుకుని నేనూ నాన్నగారూ కూర్చున్నాం. కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచంగా... డర్బన్ నుంచి ఒక్కో కొండా నువ్వు దాటుతుంటే నాన్నగారు కాగితం మీద టిక్కు పెడుతూ వచ్చారు. ఐదోది పాలీ షార్ట్స్. అక్కడ టైమైపోయిందని ఆపేశారు. పరుగు ముగిసే పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు. అన్నట్టు, గాంధీ గారిని 1893లో రైల్లోంచి దింపేసిన స్టేషన్ ఆ ఊళ్ళోదే కదా, ఫోటో తీసి పంపుతానన్నావు. అది కూడా రాలేదు.

ఆ పరుగు గురించి నువ్వే చెప్పావు కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తోటి సైనికుల గుర్తుగా విక్ క్లాపమ్ 1921లో మొదలుపెట్టాడని. మొదటిసారి బయలుదేరింది 34 మంది, చేరింది 16 మంది. చేరని 18 మందికీ మనసు లేదని నువ్వు అనగలవా? పరుగు మొదలై 12 గంటలు కాగానే, చివరి గీత దగ్గర తుపాకి పేల్చే ఆయన వచ్చేవాళ్ళకి వీపు పెట్టి నిలబడతాడట. ఆ గీత అవతల ఉన్నవాళ్ళ మనసెంతో ఆయన చూడడు.

లెక్చర్ మొదలైంది అంటావు. ఇదొక్కటీ విను. 2009లో మార్కోరా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేత 90 నిమిషాలు బుర్రకి కష్టమైన పని చేయించి, ఆ తర్వాత సైకిల్ తొక్కించారు. మామూలుగా తొక్కేదానికంటే ముందే ఆపేశారు. గుండె పనిలో తేడా లేదు, అదే తొక్కుడు వాళ్ళకి ఎక్కువ కష్టంగా అనిపించింది. మరి నువ్వు మే నెలంతా రాత్రి రెండింటి దాకా ఆఫీసు కాల్స్‌లో ఉన్నావు. మనసు గట్టిదా కాదా అని తర్వాత చూద్దువు, ముందు దానికి నిద్ర పెట్టు. పదింటికి ఫోన్ పక్కన పడెయ్యి.

వచ్చే నెలలో సింహాచలం గిరి ప్రదక్షిణ. ఈసారి మీ నాన్నగారిని వెళ్ళనివ్వను, కంట్లో దుమ్ము పడుతుంది. అదంటే మీ నాయనమ్మే గుర్తొస్తుంది. నాకు పెళ్ళైన కొత్తలో ఆవిడతో నేను, రాంబాబు మావయ్య వెళ్ళాం. 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చతుర్దశి సాయంత్రం బయలుదేరాం. కదిలే ముందే ఆవిడ మావయ్యతో ఒక మాట అంది: "కాళ్ళు నొప్పులని నేను ఏడిస్తే పట్టించుకోకు. మాట తడబడితే మాత్రం ఆపెయ్యి, అప్పుడు నా మాట వినకు." హనుమంతవాక రాకముందే ఏడుపు మొదలైంది. మడమలన్నీ, నడుమన్నీ, కొండ కాస్త చిన్నదైతే ఏం పోయేదనీ. మేం పట్టించుకోలేదు. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే మళ్ళీ నడిచింది. సీతమ్మధార దగ్గర ఎవరో పులిహోర పెడితే ఉప్పు తక్కువైందని వాళ్ళకి చెప్పి మరీ తిన్నది. నాకు కాళ్ళు బొబ్బలెక్కి, దారి పక్కన ఎక్కడ కూర్చుందామా అని చూస్తుంటే, నా చెయ్యి పట్టుకుని పెసరావకాయ ఎలా పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. ఇంకెంత దూరమని ఒక్కసారైనా అడగలేదు. మాధవధార దగ్గర మావయ్యని చూసి "నాన్నా, గొడుగు తెచ్చావా" అంది. వాళ్ళ నాన్నగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళు. మావయ్య ఇంకేం మాట్లాడకుండా రిక్షా పిలిచాడు. ఆవిడ తిట్టింది, గింజుకుంది, అయినా ఎక్కించాం. మర్నాడు కుళాయి దగ్గర ఆవిడే వీధి వీధంతటికీ చెప్పింది, మాధవధార దాకా నడిచానని. మరుసటి ఏడు పూర్తి చేసింది.

నీ దగ్గర రాంబాబు మావయ్య లాంటి వాడు ఎవరున్నారు? అంతంత దూరాల్లో దాహానికి మించి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు, అది మరీ పడిపోతే తల తడబడుతుంది. ఆ తలతోనే "ఇంకా పరుగెత్తగలను" అనుకుంటాం. ఆ రోజు నువ్వు ఎవరితోనైనా సరిగ్గా మాట్లాడావా? తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందా? సిగ్గుపడకుండా చెప్పు, అది కిడ్నీల సంగతి. నొప్పి మాత్రలు ఏమైనా వేసుకున్నావా? హీమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకో.

పాలీ షార్ట్స్ మీద నిన్ను ఆపింది గడియారం. అక్కడి దాకా నీ అంతట నువ్వు ఆగలేదు. ఇది అమ్మను కాబట్టి అనడం లేదు, టిక్కులు పెట్టిన కాగితం నాన్నగారి డైరీలో ఉంది. మళ్ళీ పరుగెత్తమనీ అనను, వద్దనీ అనను. కానీ మాట్లాడకుండా ఒక్కదానివే గదిలో కూర్చుంటే మాత్రం ఊరుకోను.

శాంతత్త అల్లుడు జొహన్నెస్‌బర్గ్ వస్తున్నాడు. సున్నుండలు, కందిపొడి, పలచటి నూలు మేజోళ్ళు ఇచ్చాను. పొడిలో నెయ్యి వేసుకో, ఉత్తదే కలుపుకోకు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. ముందు పాదాలు చూపించు, గోళ్ళు ఎన్ని నల్లబడ్డాయో చూడాలి. బూట్లు ఇచ్చేశావో లేదో బుజ్జిని అడగను, నువ్వే చెప్పు.

ఇట్లు,
అమ్మ