వరి కొయ్యలకు నిప్పు పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

యాసంగి కోతలు అయ్యాయి. పొద్దుగూకితే చాలు, మా ఊరి చుట్టూ పొలాల్లో మంటలే. హార్వెస్టర్ కోసి వదిలిన కొయ్యలను కాల్చేస్తున్నారు. నిరుడు నేనూ ఒక మడికి నిప్పు పెట్టాను. తర్వాత దమ్ము చేస్తుంటే, కాల్చని మడిలో ట్రాక్టర్ వెంటే కొంగలు గుంపుగా దిగి వానపాములను ఏరుకుతిన్నాయి. కాల్చిన మడిలో రెండు మూడు వాలి, కాసేపటికే ఎగిరిపోయాయి. అది చూశాక మళ్లీ అగ్గిపెట్టె ముట్టలేదు.

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 400 కిలోల కర్బనం ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిపాలే. పొటాష్‌లోనూ ఐదో వంతు పోతుంది. ఆ పొటాష్‌ను దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటోంది!

నాలుగు నెలల ఎండను పైరు గడ్డిలో దాచింది. దాన్ని నేలలో కలిపితే సూక్ష్మజీవులకు, వానపాములకు, ఆపైన కొంగలకు తిండి. ఆ శక్తి మెట్టు మెట్టుకూ వేడిగా ఖర్చైపోతుంది. పోషకాలు మాత్రం మట్టిలోకి దిగి మళ్లీ వరి వేళ్లకే అందుతాయి.

రైతుకు వ్యవధి తక్కువ, నిజమే. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లి, నీరు పెట్టి కలియదున్నితే కొయ్యలు త్వరగా మురుగుతాయి. కోతలైన వారంలోపే, కొయ్యలను ముక్కలు చేసి మట్టిలో కలిపే రోటవేటర్లు తక్కువ అద్దెకు దొరికేలా వ్యవసాయ శాఖ చూడాలని కోరుతున్నాను.

– ఒక వరి రైతు, నల్గొండ జిల్లా