ఎనిమిదో రోజు లోపల రిపోర్ట్ ఇప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. బ్లడ్ క్యాన్సర్ రోగులకు చేసే జన్యు పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేర్చమని మొదటి మూడూ అర్జీలుగా మీ కార్యాలయంలోనే ఇచ్చాను, మూడింటికీ రసీదు నంబర్లు ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది. "సదరు పరీక్ష చికిత్స కిందకు రాదు, కావున పథకంలో చేర్చుటకు వీలుపడదు" అని. ఆ ఒక్క వాక్యం నాకు రెండు నెలలుగా నిద్ర పట్టనివ్వడం లేదు. పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష గురించే చెబుతాను, దయచేసి చివరిదాకా చదవండి.

మా తమ్ముడికి 31 ఏళ్లకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో చేరిన రోజే నడుము ఎముక నుంచి మూలుగ తీశారు. మైక్రోస్కోపు కింద చూసి, కణాల రకాన్ని గుర్తించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేసి, ఏ రకం బ్లడ్ క్యాన్సరో చెప్పారు. డాక్టరమ్మ ఆ సాయంత్రమే నన్ను పక్కకు పిలిచి, "ఇది సగమే అమ్మా. క్రోమోజోముల్లో ఏం తేడా వచ్చిందో, ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1 లాంటి జన్యువుల్లో మ్యుటేషన్, అంటే మార్పు, ఉందో లేదో తెలిస్తేనే మిగతా సగం తెలుస్తుంది" అన్నారు. ఆ పరీక్ష అక్కడ చేయరు. బయటి ల్యాబ్‌కి పంపాలి, పంపాలంటే పథకం నుంచి అప్రూవల్ రావాలి.

కీమోకి అప్రూవల్ ఒక్క రోజులో వచ్చింది. పరీక్ష కాగితం ఒక సంతకం తక్కువైందని వెనక్కి వచ్చింది. సంతకం పెట్టించి పంపితే ముద్ర లేదన్నారు. మూడు రోజులు ఆ కాగితం పట్టుకుని అంతస్తులు ఎక్కుతూ దిగుతూ గడిపాను. ఆ మూడు రోజులూ తమ్ముడి శాంపిల్ ఎక్కడుందో, ఎలా ఉంచారో నేను అడగలేదు. అడగాలని నాకు తెలియదు. తీరా పంపాక ల్యాబ్ వాళ్లు అది పాడైపోయింది, మళ్లీ తీసి పంపమన్నారు. అప్పటికే కీమో ఎక్కుతోంది.

కీమో మొదలయ్యాక మూలుగలో క్యాన్సర్ కణాలు చనిపోతూ ఉంటాయి. అప్పుడు తీసిన శాంపిల్‌లో మ్యుటేషన్ కనపడకపోతే, అది నిజంగానే లేదనుకోవాలా, కణాలు తగ్గిపోయి దొరకలేదనుకోవాలా? మాకు రెండోసారి వచ్చిన రిపోర్ట్‌లో ఉన్నది అదే: "శాంపిల్ సరిపోదు." మందు పడకముందు తీసిన మొదటి మూలుగే అసలు సాక్ష్యం. దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోలేం.

తమ్ముడికి మొదటి కీమోతోనే జబ్బు అదుపులోకి వచ్చింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ట్రాన్స్‌ప్లాంట్ (వేరొకరి మూలుగ కణాలు ఎక్కించడం) చేయాలా, కీమోతోనే కొనసాగించాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు డాక్టర్ల చేతిలో ఆ రిపోర్ట్ లేదు. కీమోతోనే వెళదామన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. ఏడు నెలలకు జబ్బు తిరగబెట్టింది. అప్పుడు చేసిన పరీక్షలో ఎఫ్‌ఎల్‌టీ3 ఐటీడీ (ఆ జన్యువులో వచ్చే ఒక రకం మ్యుటేషన్) ఉందని వచ్చింది. అది మొదట్నుంచీ ఉందా, మధ్యలో పుట్టిందా అని డాక్టరమ్మను అడిగాను. రెండూ జరుగుతాయట. మొదటి శాంపిల్ ఉంటే చెప్పగలిగేదాన్ని అన్నారు. తిరగబెట్టాక 11 వారాలు బతికాడు. ఆ ప్రశ్నకు నాకు ఇక ఎప్పటికీ జవాబు దొరకదు.

మీ కార్యాలయం వాళ్లు పరీక్ష వేరు, చికిత్స వేరు అనుకుంటున్నారు. ఈ జబ్బులో అవి వేరు కావండి. తమ్ముడికిచ్చిన మొదటి కీమో ఏడు రోజుల కోర్సు. ఎఫ్‌ఎల్‌టీ3 మ్యుటేషన్ ఉన్నవాళ్లకు ఆ కీమో అయ్యాక ఎనిమిదో రోజు నుంచి మిడోస్టారిన్ అనే మాత్ర కలుపుతారు. 717 మంది మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మాత్ర కలిపినవాళ్లలో నాలుగేళ్లకు 51 శాతం మంది బతికి ఉంటే, కలపనివాళ్లలో 44 శాతం మందే ఉన్నారు. ఏడు శాతం చిన్న తేడా అని ఎవరైనా అంటే, ఆ వార్డులో ఒక్క రోజు కూర్చుని రమ్మని వేడుకుంటాను. ఆ మాత్ర వేయాలంటే ఎనిమిదో రోజుకల్లా మ్యుటేషన్ ఉందో లేదో తెలియాలి. అందుకే ఎఫ్‌ఎల్‌టీ3 లాంటి ముఖ్యమైన మ్యుటేషన్ల ఫలితాలు 3 నుంచి 5 రోజుల్లో రావాలని యూరోపియన్ లుకేమియా నెట్ నిపుణులు 2022లోనే రాశారు. మా వార్డులో నెల దాటాక వచ్చిన రిపోర్టులు నేను కళ్లారా చూశాను.

ఒకే పేరున్న జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. 15, 17 క్రోమోజోముల ముక్కలు మారిపోయి వచ్చే ప్రోమైలోసైటిక్ రకం మొదటి రోజుల్లోనే రక్తస్రావంతో ప్రాణం తీస్తుంది. కానీ ఆట్రా, ఆర్సెనిక్ అనే మందులు సకాలంలో పడితే నూటికి తొంభై మంది దాకా నయమవుతారు. అందుకే అనుమానం రాగానే రిపోర్ట్ కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెడతారు. లింఫోబ్లాస్టిక్ అనే మరో రకం లుకేమియాలో ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే మార్పు ఉంటే ఒకప్పుడు దాదాపు ఆశ వదులుకునేవారు. ఇప్పుడు ఇమాటినిబ్, డాసాటినిబ్ మాత్రలు కలిపాక ఆ మాట మారింది. టీపీ53 అనే జన్యువులో మ్యుటేషన్ ఉంటే మామూలు కీమో సరిగా పనిచేయదు, ఆ సంగతి ముందే తెలిస్తే ఇంట్లోవాళ్లతో నిజం మాట్లాడే వీలుంటుంది. ఎన్‌పీఎం1 మ్యుటేషన్ ఉండి ఎఫ్‌ఎల్‌టీ3 ఐటీడీ లేకుండా, చెడ్డ క్రోమోజోము మార్పులేవీ లేకుండా ఉంటే కీమోకి బాగా లొంగే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లలో చాలామందికి వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ అవసరం ఉండదు. ఖర్చు గురించి ఆలోచించే మీ అధికారులకు ఈ ఒక్క విషయమైనా చెప్పండి. పరీక్ష లేకపోతే అవసరం లేనివాళ్లకు ట్రాన్స్‌ప్లాంట్ జరగొచ్చు, అవసరమైనవాళ్లకు జరగకపోవచ్చు.

నేను పెద్దగా అడగడం లేదు. కీమోకి అప్రూవల్ ఇచ్చే కాగితం మీదే ఈ పరీక్షకూ ఇవ్వండి, రెండో సంతకం, రెండో ముద్ర అడగకండి. మొదటి మూలుగ నుంచి డీఎన్ఏ తీసి భద్రపరచమని ప్రతి ఆసుపత్రికీ ఆదేశం ఇవ్వండి. అది సంవత్సరాల తరబడి పాడవకుండా ఉంటుంది. మ్యుటేషన్‌కి మాత్ర ఉన్నప్పుడు ఆ మాత్రను కూడా పథకంలో చేర్చండి, పరీక్ష చేసి మందు లేదనడం ఇంకో రకం బాధ. అన్నిటికంటే ముందు, దయచేసి, పరీక్ష చికిత్స కిందకు రాదన్న ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోండి.

ఇది రాస్తుండగా తమ్ముడు ఉన్న వార్డు నుంచే ఒక తల్లి ఫోన్ చేసింది. నా నంబర్ ఎవరో ఇచ్చారట. కూతురికి 22 ఏళ్లు, అదే జబ్బు. శాంపిల్ ఎక్కడుందో వెళ్లి అడగమని చెప్పాను. వెళ్లి అడిగి మళ్లీ చేసింది. ఫ్రిజ్‌లో ఉందట, అప్రూవల్ కోసం చూస్తున్నారట. కీమో నిన్ననే మొదలైంది. ఆ అమ్మాయికి ఎనిమిదో రోజు రావడానికి ఇంకా ఆరు రోజులు ఉంది. వివరాలు మీ కార్యాలయానికి ఈ రోజే విడిగా పంపాను, ఒక్కసారి చూడండి.

ఇట్లు,
ఒక అక్క