పల్నాడా, గోల్కొండా?

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. తిట్టుకుంటూనే ఉండుంటావు. మిడ్ పేపర్లు దిద్దడంతోనే సరిపోయింది, నమ్మితే నమ్ము. "ఇన్నేళ్ళుగా చెబుతున్నావు, ఒక్కడికైనా ఇంగ్లీషు వచ్చిందా?" అని వెటకారంగా అడిగావుగా, దానికి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఇంగ్లీషుకీ ల్యాబ్ ఉంటుంది. కెమిస్ట్రీ ల్యాబ్‌లాగే రికార్డు రాయాలి, వైవా కూడా. మాట్లాడటాన్ని రికార్డులో రాయించే ఘనత మాది! అందులో 'జామ్' అని ఒక తంతు, అంటే జస్ట్ ఎ మినిట్. చీటీ తీసి, అందులో ఏముంటే దాని మీద నిమిషంపాటు ఆగకుండా మాట్లాడాలి.

సెప్టెంబరులో ఒక కుర్రాడు లేచాడు. మార్కాపురం పక్కన పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. చీటీలో 'రెయినీ డే' అని వచ్చింది. ఆ మెట్టప్రాంతం వాణ్ణి వాన గురించి చెప్పమంటే ఏం చెబుతాడు పాపం! "ఐ యామ్ లైకింగ్ రెయిన్..." అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా? "ఐ లైక్ అనాలి" అన్నాను. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ అందుకున్నాను. ఇరవై సెకన్లు కాకుండానే గొంతు పూడుకుపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, రెండు వారాలు వాడు నా ల్యాబ్ గుమ్మం తొక్కలేదు.

తప్పు నాదేనని ఇంటికొచ్చాక తెలిసింది. వాడికి వాన గురించి నాకు చెప్పాల్సిన అవసరమేముంది? నాకైనా వినాల్సిన అవసరమేముంది? వాడి నోట్లోంచి తప్పు ఎప్పుడు రాలుతుందా అని కాచుక్కూచున్నాను, అంతేగా.

అప్పుడే ఎన్.ఎస్. ప్రభు గుర్తొచ్చారు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో (మన రోజుల్లో సీఫెల్) రిఫ్రెషర్ కోర్సుకి వెళ్ళినప్పుడు విన్న పేరు. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేసేవారు. 1979 నుంచి 1984 దాకా బెంగుళూరు, మద్రాసు వైపు బళ్ళలో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం పాఠాలు పక్కనపెట్టి, పిల్లల ముందు రైల్వే టైమ్ టేబుళ్ళు, మ్యాపులు పెట్టి లెక్క తేల్చమన్నారు. ధ్యాసంతా అర్థం మీద ఉంటే వ్యాకరణం లోపల్లోపలే అమరుతుందని ఆయన వాదన.

సరే, మనకి గుంటూరులో రైళ్ళకేం తక్కువ! పిల్లల్ని ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టాను. ఒకడి కాగితంలో రైళ్ళ టైములు, అవి నేను అల్లినవే. రెండోవాడి కాగితంలో వాడి బాధలు: మధ్యాహ్నం రెండింటికి సికింద్రాబాద్‌లో ఇంటర్వ్యూ, జేబులో డబ్బులు అంతంతమాత్రం, వరంగల్ స్టేషన్లో లడ్డూల డబ్బా కోసం అక్క నిలబడి ఉంటుంది. పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నడికూడి మీదుగా తొందరగా చేరతాడు గానీ అక్కకి లడ్డూలు అందవు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వరంగల్ మీదుగా చుట్టు తిరిగిపోతుంది. కాగితాలు చూపించుకోకూడదు, తెలుగు మాట రాకూడదు.

మన మార్కాపురం వాడిది టైముల కాగితం. ఐదు నిమిషాలు గొణుక్కున్నాడు. ఆ తర్వాత ఒక్క కేక: "నో, నో! గోల్కొండ గో వయా వరంగల్! లేట్! ఇంటర్వ్యూ ఫినిష్!" వెనకవాడు తగ్గలేదు, "బట్ సిస్టర్ ఈజ్ వెయిటింగ్!" అన్నాడు. "టెల్ సిస్టర్, కమ్ టు సికింద్రాబాద్!" అన్నాడు మనవాడు. క్లాసంతా గొల్లుమంది. ఈసారి వాడూ నవ్వాడు.

నేను నోరు కుట్టేసుకుని, విన్న తప్పులన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాను. మర్నాడు ఎవరి పేరూ చెప్పకుండా ఆరు వాక్యాలు బోర్డు మీద వేస్తే, "గోస్ అనాలి సార్" అన్నది వాడే. ప్రభుగారు వింటే ఆ బోర్డు పని ఒప్పుకోరేమో. ఆయన చేతికి దొరికింది చిన్నపిల్లలు, బోలెడంత టైము. నా పిల్లల నెత్తిన ప్లేస్‌మెంట్లు కూర్చున్నాయి.

ఉచ్చారణ గొడవ ఒకటుందిలే. మాట చివర అచ్చు తగిలిస్తే గానీ మన నోటికి తోచదు, బస్సు, కారు, బ్యాంకు అని. ఎగ్‌ని యెగ్ అంటాం. వాటి జోలికి నేను పోను. నొక్కు మాత్రం వదలను. 'ఫొటోగ్రఫీ'లో రెండో అక్షరం నొక్కాలి, మనమేమో అన్నీ ఒక్క తూకంగా అనేస్తాం. ఎదురుగా ఉంటే మొహం చూసి పోల్చుకుంటారు, ఫోన్లో అయితే అవతలివాడికి ముక్క అర్థం కాదు.

ఫోనంటే గుర్తొచ్చింది. అసలు ఈ ఉత్తరం అందుకే రాశాను, తప్పించుకోకు. వచ్చే గురువారం మూడింటి నుంచి నీకు వరసగా ఫోన్లొస్తాయి. ఆ గంటసేపు నువ్వు సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా లాడ్జి మేనేజరువి. గదులున్నాయా, వేణ్ణీళ్ళొస్తాయా, అద్దెంత అని అడుగుతారు. కాస్త ఎక్కువే చెప్పు, బేరమాడనీ. తెలుగులోకి మాత్రం దిగకు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఆ గంట టీవీ కట్టెయ్యమను.

మార్కాపురం వాడు రెండోవాడుగా చేస్తాడు. "ఐ యామ్ వాంటింగ్ రూమ్" అంటాడు. దిద్దకు. గది ఇచ్చెయ్.

నీ
బావ