విండ్ సాక్ నోరెటు?

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సీనూ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంట్రా అనుకోకు, ఈ గోల ఫోన్లో చెప్తే నీకు సగమే ఎక్కుతుంది. విమానం నడపడం నేర్చుకునే చోట సెలవు దొరికి ఇంటికొచ్చాను. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర కూర్చుని రాస్తున్నా, కాగితం ఎగిరిపోకుండా మీద చెప్పు పెట్టి.

నేను చేసిన వెధవ పని విను. రన్‌వే పక్కన స్తంభానికి నారింజ రంగు గుడ్డ గొట్టం ఉంటుంది కదా, అదే విండ్ సాక్. పోయిన వారం సార్ దాన్ని చూపించి "గాలెటు?" అన్నారు. తోక పడమటికి ఉంది. "పడమటి గాలి సార్" అన్నాను ధీమాగా. ఆయన కాసేపాగి, "మీ ఊళ్లో తూర్పుగాలి అంటే తూర్పుకి పోయే గాలా?" అన్నారు. చచ్చాను! గొట్టం వెడల్పాటి నోరు గాలి వచ్చే వైపు ఉంటుంది. ఎగిరినా దిగినా ఆ నోరు చూసే దిక్కుకే. ఎదురుగాలికి నేల మీద వేగం తగ్గి, తక్కువ దూరంలో ఆగుతాం. గాలి వేగం 15 నాట్లకి (గంటకి దాదాపు 28 కిలోమీటర్లు) చేరితే గొట్టం పూర్తిగా బిగిసి అడ్డంగా నిలబడుతుంది.

మన ఎయిర్‌పోర్టే తీసుకో. ఒకే రన్‌వేకి ఒక కొసన 10, రెండో కొసన 28 అని ఉంటుంది. ఆ కొస నుంచి విమానం పోయే దిక్కుకి దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసిన అంకెలవి. 100 అంటే దాదాపు తూర్పు, 280 దాదాపు పడమర. (అది నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా, లెక్క కోసం చెప్తున్నానంతే.)

ఇక సర్క్యూట్, అంటే ఎగిరి మళ్లీ దిగడానికి తిరిగే చుట్టు. రన్‌వే పక్కన నేల నుంచి 1000 అడుగుల ఎత్తులో దీర్ఘచతురస్రం, మామూలుగా అన్నీ ఎడమ మలుపులే. ఎగిరాక రన్‌వేకి అడ్డంగా క్రాస్‌విండ్, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి డౌన్‌విండ్, తర్వాత రన్‌వే వరస వైపుకి బేస్, దిగడానికి నేరుగా ఫైనల్. పేర్లు ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. పక్కగాలి ఉంటే ముక్కు గాలి వైపు కాస్త తిప్పి పట్టాలి, గోదావరి దాటే పడవవాడు రేవుకి ఎగువకి గురిపెట్టినట్టు.

ఏడిపించేది బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు. వెనక నుంచి గాలి తోసిందంటే రన్‌వే వరస దాటిపోతాం. కంగారులో ఇంకా గట్టిగా తిప్పాలనిపిస్తుంది, కాలు రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక రెక్క) పెడల్ మీదకి దానంతటదే పోతుంది. అసలే వేగం తక్కువ, ఎత్తు తక్కువ. అక్కడ స్టాల్ అయితే, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతే, సర్దుకోవడానికి చోటుండదు. దాటిపోతే పవర్ ఇచ్చి ఇంకో చుట్టు తిరిగి రావడమే. మొదట్లో నాకది నామోషీగా ఉండేది. మొన్న రెండుసార్లు అలా తిరిగొచ్చాను, ఎవరూ నవ్వలేదు.

ఇదిగో, మురీ మిక్చర్ బండికి కట్టిన ప్లాస్టిక్ కవరు ఊరి వైపుకి ఎగురుతోంది. 10 వాడాలా, 28 వాడాలా? జవాబులో రాయి. అమ్మ నువ్వెప్పుడొస్తావని అడుగుతోంది.

నీ
రాజు