గట్టి కలపకు చూడాల్సింది సీసీలు కాదు, చైను

సంపాదకులకు నమస్కారం.

కందుకూరు పరిసరాల్లో తుమ్మ, చింత, సరుగుడు కోత పనులు చేయించేవాణ్ని. పెట్రోలుతో నడిచే చైన్ సా (గొలుసు రంపం) కొనే రైతులు, కోత కూలీలు డబ్బు, అంతకంటే ముఖ్యంగా కాళ్లూ చేతులూ పోగొట్టుకోకూడదనే ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. పల్లెల్లో గొడ్డలి స్థానంలోకి ఈ యంత్రం వచ్చి చాలాకాలమే అయినా, కొనేవారు అడిగే ప్రశ్నలు ఇప్పటికీ రెండే: ఇంజను ఎన్ని సీసీలు, బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఎన్ని అంగుళాలు. అమ్మేవారూ ఆ రెండు అంకెలనే పెట్టె మీద పెద్దగా వేస్తున్నారు.

ఆ అంకెలనైనా సరిచూసుకోవడం మంచిది. పెట్టె మీద 58 సీసీ అని ఉన్నా, లోపలి పుస్తకంలో సిలిండర్ వ్యాసం 45.2 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 మి.మీ. అని ఉంటే, లెక్క కడితే వచ్చేది సుమారు 54.6 సీసీ మాత్రమే. ఈ తేడాను పట్టించుకోకపోయినా, ఆ పాటి ఇంజనుకు 22 అంగుళాల బార్ తగిలించి గట్టి కలపకు పనికొస్తుందని చెప్పి అమ్మడం తప్పు. చేవ తేలిన తుమ్మలో అంత బార్ పూర్తిగా దిగితే ఎక్కువ పళ్లు ఒకేసారి కొరకాల్సి రావడంతో ఇంజను వేగం పడిపోతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది, పనివాడు ఒంటి బరువంతా వేసి నొక్కడం మొదలుపెడతాడు. ఆ ఇంజనుకే 16 లేదా 18 అంగుళాల బార్ వేసుకుంటే చైను వేగం నిలుస్తుంది. అంతకు మించిన లావు మొద్దును రెండు వైపుల నుంచీ కోసుకోవచ్చు.

అసలు కోసేది చైను. పంటి మూల కోసుగా ఉండే ఫుల్ చిజిల్ చైను శుభ్రమైన పచ్చి కలపలో వేగంగా దిగుతుంది కానీ, ఆ మూల కాస్త అరిగిందంటే కోత ఆగిపోతుంది. మూల గుండ్రంగా ఉండే సెమీ చిజిల్ కొంచెం నిదానంగా కోసినా, పదును ఎక్కువసేపు నిలుపుకుంటుంది. చెరువు గర్భంలో పెరిగి బెరడు నిండా మట్టి పట్టిన సర్కారు తుమ్మకైనా, ఎండిన చింత చేవకైనా సెమీ చిజిలే తగినదని నా అభిప్రాయం.

మార్పు చైను కొనేటప్పుడు బార్ పొడవొక్కటే చెబితే చాలదు. 18 అంగుళాల బార్లన్నిటికీ చైను ఒకటే కాదు. పిచ్ (వరుస మూడు రివెట్ల మధ్య దూరంలో సగం), గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో దిగే లింకుల) సంఖ్య మూడూ కుదరాలి. ఇవి సాధారణంగా బార్ తోక దగ్గర చెక్కి ఉంటాయి. అవి అరిగి కనిపించకపోతే చైనులో వరుసగా 3 రివెట్లను తీసుకుని మొదటిదాని నుంచి మూడోదాని వరకు కొలవాలి: సుమారు 19 మి.మీ. వస్తే 3/8 అంగుళం పిచ్, 16.5 వస్తే .325 అంగుళం పిచ్. లింకులను చేత్తో లెక్కపెట్టుకోవాలి. ఒక దుకాణంలో మాకు 1.5 మి.మీ. గాడి ఉన్న బార్‌కు 1.3 మి.మీ. గేజ్ చైను ఇచ్చారు. అది ఎక్కింది, తిరిగింది కూడా; చింత మొద్దులో జానెడు దిగేసరికి గాడిలో ఒరిగిపోయి కోత వంకరపోయింది, బార్ ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించడానికి మేకులు కొట్టి మొద్దును చీల్చాల్సి వచ్చింది.

రంపం నుంచి పేళ్లు రాలుతున్నంతసేపూ చైను బాగున్నట్టే. మెత్తని పొట్టు వస్తుంటే వెంటనే ఆపి ఆకురాయి పట్టాలి. .325 చైనుకు 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 3/8కి తయారీదారును బట్టి 5.2 లేదా 5.5 మి.మీ. సరిపోతుంది. సాధారణంగా 30 డిగ్రీల కోణం పెడతారు. గట్టి కలపకు 25 డిగ్రీలైతే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. పంటి ముందుండే డెప్త్ గేజ్ (పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయించే బొడిపె) పంటి కంటే 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. వేగం పెరుగుతుందని కొందరు దాన్ని గ్రైండర్‌తో నేలమట్టం చేస్తున్నారు. అలాంటి చైను గట్టి కలపను ఒక్కసారిగా పట్టేసి, బార్ ముక్కు పైభాగం తగిలినప్పుడు రంపాన్ని మనిషి మీదికి ఎగదంతుంది. దయచేసి ఆ పని చేయకండి.

విడిభాగాల్లో స్ప్రాకెట్‌ను (చైనును తిప్పే పళ్ల చక్రాన్ని) చాలామంది మరచిపోతారు. రెండు చైన్లు అరిగేసరికి దాన్నీ మార్చాలి. పాత స్ప్రాకెట్ కొత్త చైనును త్వరగా పాడుచేస్తుంది. బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి వేయాలి. చైను ఆయిలు ట్యాంకులో బండి నుంచి తీసిన పాత ఇంజనాయిలు పోయడం మన దగ్గర మామూలైపోయింది. అందులోని లోహపు పొడి ఆయిలు పంపును, బార్‌ను తినేస్తుంది. చైన్ బ్రేక్, తెగిన చైనును ఆపే క్యాచర్ మాత్రం ఎంత ఖర్చయినా అసలువే వేయించాలి.

చైన్ సాల మీదా, విడి చైన్ల మీదా పిచ్, గేజ్, లింకుల సంఖ్య, అసలు సీసీ తెలుగులో ముద్రించేలా, ప్రతి యంత్రంతో పాటు పదును, బ్రేక్ పరీక్షల గురించిన తెలుగు కరపత్రం ఇచ్చేలా ప్రభుత్వం చూడాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ కోత కూలీలకు ఈ అంశాలపై చిన్న శిక్షణలు పెడితే మేలు. కొన్నవారు రసీదు దాచుకుని, పెట్టె మీది అంకె తప్పని తేలితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కందుకూరు