ఎర్రలైటు మాస్కు ఎక్కడిదాకా వచ్చిందంటే

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు మా దగ్గర కళ్లు పరీక్షించే స్లిట్‌ల్యాంప్ బల్బులు, విజన్ చార్టులు కొనే కంటి క్లినిక్‌లవాళ్లు, కళ్లజోళ్ల షాపులవాళ్లు ఈమధ్య ఫోన్ చేస్తే అడిగేది ఒకటే. "పొడికండ్లకు లైటు మాస్కు చేస్తున్నా అన్నవ్ గదన్నా, ఎప్పుడిస్తవ్?" ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు ఉన్నదంతా ఇక్కడే రాసేస్తున్నా.

ఇంకా అమ్మడం లేదు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా ఇలాంటిది అమ్మకూడదు. పరీక్షల కోసం కొన్ని పీసులు చేసుకోవడానికి వేరే టెస్ట్ లైసెన్సు ఉంటుంది, ప్రస్తుతం మేమున్నది ఆ దశలో. "బిల్లు లేకుండా ఒకటియ్యి, నేను చూసుకుంట" అన్నవాళ్లున్నారు. అభిమానంతోనే అడిగారు, కానీ ఇవ్వను. అడ్వాన్స్ కట్టినవాళ్లందరికీ డబ్బు వెనక్కి పంపుతున్నా. అమ్మకం మొదలయ్యాక వరుసలో మీరే ముందుంటారు.

ఇక పరికరం సంగతి. పొడికళ్లంటే కన్నీళ్లు తక్కువ కావడమే అనుకుంటారు చాలామంది. ఎక్కువ కేసుల్లో ఇబ్బంది నీళ్లది కాదు, నూనెది. రెప్పల అంచున వరుసగా ఉండే మైబోమియన్ గ్రంథులు వదిలే నూనె కన్నీటి మీద పలచగా పరుచుకుని అది ఆవిరైపోకుండా ఆపుతుంది. ఆ నూనె చలికాలం కొబ్బరినూనెలా గట్టిపడితే గ్రంథుల మూతులు మూసుకుపోతాయి, కళ్లు మంట, గరగర మొదలు. రెప్పను 40 డిగ్రీలు దాటించి కొన్ని నిమిషాలు అలాగే నిలిపితే నూనె మెత్తబడుతుంది. వేడి గుడ్డ కాపడం చేసేదీ ఇదే, కాకపోతే గుడ్డ చూస్తుండగానే చల్లారిపోతుంది. మా మాస్కులో 630 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ ఉండే ఎర్ర ఎల్‌ఈడీలు మూసిన రెప్పల మీద వెలిగి వాటిని వెచ్చబరుస్తాయి. ఎర్రకాంతి కణాల్లో మైటోకాండ్రియా పనిని చురుకు చేస్తుందని కూడా చెబుతారు. అది అదనంగా వస్తే సంతోషం. నేను మాత్రం వేడిని నమ్ముకునే డిజైన్ చేస్తున్నా.

"పెద్దాసుపత్రుల్లో పెడుతున్న ఐపీఎల్ మెషీనే చేయొచ్చు గదా" అని ఒక డాక్టరుగారు అడిగారు. క్రికెట్ కాదు, జినాన్ ల్యాంపుతో ఫ్లాష్ కొట్టే తీవ్ర కాంతి చికిత్స. పొడికళ్లకు వాడే అలాంటి ఒక మెషీన్‌కు మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. కానీ ఆ ఫ్లాష్‌ను చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పట్టేసుకుంటుంది. రంగు ముదిరేకొద్దీ కాలిపోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి బాగా నల్లటి చర్మానికి దాన్ని వాడొద్దంటారు. ఎండలో పొలం పని చేసొచ్చే మన పేషెంట్లలో సగం మందిని గుమ్మంలోనే వెనక్కి పంపాల్సిన మెషీన్‌ను ఇక్కడ ఎవరికోసం చేయాలి? పైగా వైద్య ప్రయోగాలను కలిపి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2020లో దీనిమీద చేసిన సమీక్షకు దొరికిన సరైన ప్రయోగాలు మూడే, అన్నింట్లో కలిపి 114 మంది. పనిచేస్తుందని గట్టిగా చెప్పడానికి ఆ ఆధారం చాలదని వాళ్లే తేల్చారు.

మా మాస్కుకు అసలు ఆలస్యమంతా వేడి అడ్జస్ట్‌మెంట్ దగ్గరే. మొదటి నమూనాలో మామూలు నాబ్ పెట్టాం, తిప్పితే ఎల్‌ఈడీలకు కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. జనవరిలో బాగానే ఉంది. మే నెలలో ఏసీ లేని మా వర్క్‌షాపులో స్విచ్ వేయకముందే మాస్కు లోపలి ఫోమ్ 37 డిగ్రీలు చూపిస్తోంది. చలికాలం మెల్లగా 40కి ఎక్కిన అదే సెట్టింగు ఇప్పుడు దాటుకుని పైకి పోతుంది. దానికి తోడు ఎర్ర ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ దాని వెలుగు తగ్గుతుంది, అంటే వేడి ఎక్కువ, వెలుగు తక్కువ. చామనఛాయ చర్మం ఎర్రకాంతిని కూడా కొంత ఎక్కువే పీలుస్తుంది. ఇన్ని మారుతుంటే "లెవెల్ 3" అన్న మాటకు అర్థమేముంది?

అందుకని ఇప్పుడు నాబ్ తిప్పితే మారేది కరెంటు కాదు, టెంపరేచర్. డాక్టరు 41 అని పెడితే, రెప్పకు ఆనేచోట వేడిని కొలిచే థర్మిస్టర్‌ను చూసుకుంటూ సర్క్యూటే కరెంటును సర్దుకుంటుంది. కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా. పై హద్దు 42. చర్మానికి పది నిమిషాలకు మించి ఆని ఉండే భాగానికి ఐఈసీ 60601 అనే వైద్య పరికరాల అంతర్జాతీయ భద్రతా ప్రమాణం మామూలుగా ఇచ్చే హద్దు 43 డిగ్రీలు, అక్కడ ప్రోగ్రాంతో సంబంధం లేకుండా కరెంటు కట్ చేసే విడి థర్మల్ స్విచ్ పెట్టాం. "ఫుల్" బటన్ అడిగినవాళ్లకు ఒకటే మాట, అది రాదు. పేషెంటు "ఇంకొంచెం పెంచు సారూ" అన్నప్పుడు పెంచడానికి వీల్లేకుండా ఉండాలనే ఈ తిప్పలన్నీ.

ఖర్చు పెరిగింది, దాచేదేం లేదు. మెడికల్ గ్రేడ్ అడాప్టరు మామూలు దానికంటే చాలా ఎక్కువ. ఓల్టేజి ఎగిరిపడే ఊళ్లలో కళ్ల మీద పెట్టే వస్తువుకు చౌక చార్జర్ తగిలించలేను.

కళ్లజోళ్ల షాపులవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇది కౌంటర్ మీద పెట్టి అమ్ముకునే వస్తువు కాదు, డాక్టరు చూశాకే. కన్నీళ్లే ఊరనివాళ్లకు, అంటే కన్నీళ్లు కొలవడానికి కింది రెప్పలో పెట్టే షిర్మర్ కాగితం ఐదు నిమిషాల్లో 5 మిల్లీమీటర్లు కూడా తడవనివాళ్లకు, మా మాస్కు ఒక్కదానితో పని జరగదు. ఎండ, వెలుగు తగిలితే చర్మం కందిపోయేలా చేసే మందులు వాడుతున్నవాళ్లకు, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లకు పెట్టకూడదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మీసేవ కుర్రాళ్లలో చాలామందికి ముఖం మీదికి కొట్టే కూలర్‌ను పక్కకు తిప్పి, గుర్తుపెట్టుకుని రెప్పలార్పుతూ, పొద్దున సాయంత్రం వేడి గుడ్డ మార్చి మార్చి పెట్టుకుంటే సరిపోవచ్చు. నా సరుకు అమ్ముడుపోదని ఈ మాట చెప్పకుండా ఉండలేను.

మీ నుంచి ఒక సాయం కావాలి. ముక్కు దగ్గర మాస్కు ఎత్తుగా లేస్తే థర్మిస్టర్ రెప్పను తాకదు, లెక్కంతా తప్పుతుంది. లోపల ఎల్‌ఈడీలు, వైర్లు ఏమీ లేని డమ్మీ మాస్కులు మూడు సైజుల్లో చేశాం. మీ స్టాఫ్ ముఖాలకు పెట్టి చూసి, ఏ సైజు ఎక్కడ వదులైందో, ఎక్కడ నొక్కిందో ఫోటోతో వాట్సాప్ చేయండి. పేషెంట్లకు మాత్రం పెట్టొద్దు. మిర్యాలగూడ, దేవరకొండకు ఈ వారం బల్బుల పార్శిల్‌లోనే పంపుతున్నా, గద్వాల, వనపర్తివాళ్లకు వచ్చే వారం బస్సులో వేస్తా.