‘ఐటమ్’ అని రాయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఒక హీరోయిన్ ఫొటో కింద ‘క్రేజీ ఐటమ్’ అని వేశారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అది చూసి, ‘‘అమ్మా, మా స్కూల్ బయట నిలబడే అబ్బాయిలు మమ్మల్ని ఇదే మాట అంటారు, పేపర్లో కూడా వేశారంటే అది మంచి మాటేనా?’’ అని అడిగింది. కాదని చెప్పాను, ఎందుకు కాదో కూడా చెప్పాను. అదే మీకూ చెప్పాలని రాస్తున్నా.

ఐటమ్ లాటిన్ మాట. అక్కడ దానికి ‘అలాగే’ అని అర్థం. పూర్వం జాబితా రాసేటప్పుడు ఒక్కోదాని ముందు ఆ మాట పెట్టేవాళ్లు, పోనుపోను జాబితాలో ఉన్న వస్తువునే ఐటమ్ అనడం మొదలైంది. కిరాణా చీటీలో ఎన్ని ఐటమ్స్, పెళ్లి భోజనంలో ఎన్ని ఐటమ్స్ అని మనం అడిగేది ఆ అర్థంలోనే. అదే మాటతో ముంబై వీధుల్లో ఆడపిల్లల్ని పిలిచారు, హిందీ సినిమాలో ‘ఐటమ్ నంబర్’ అయింది, మన దగ్గరికి ‘ఐటమ్ సాంగ్’గా వచ్చింది. ఆడపిల్లను ‘సరుకు’ అంటే కొట్టడానికి వెళ్తాం, ఇంగ్లిష్‌లో అంటే మాత్రం ఫ్యాషన్ అనుకుంటున్నాం.

ముంబైలో 2015లో ఒకతను 16 ఏళ్ల అమ్మాయి జుట్టు లాగి, ఐటమ్ అని పిలిచి, ఎక్కడికి పోతున్నావని అడిగాడు. 2022లో పిల్లలపై లైంగిక నేరాలను విచారించే అక్కడి పోక్సో ప్రత్యేక కోర్టు అతనికి ఏడాదిన్నర జైలు శిక్ష వేసింది, ఆ మాట ఆడపిల్లను లైంగికంగా ఒక వస్తువులా చూసేదని తీర్పులో చెప్పింది. కోర్టు తప్పన్న మాట ఇంటింటికీ వచ్చే పేపర్లో ఎలా వేస్తారండీ?

అందాన్ని పొగడొద్దని నేననడం లేదు. తెలుగులో దానికి ఎన్ని మాటలున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. వంటకాడు, వంటకత్తె లాగే అందగాడు, అందగత్తె. అందగత్తెలో ‘గత్తె’గా మారిన ‘కత్తె’ మనిషిని చెప్పే మాట, కుర్రాళ్లు ‘కత్తిలా ఉంది’ అనే కత్తితో దానికి సంబంధం లేదు. చక్కని చుక్క అంటే ఆకాశంలో నక్షత్రంతో పోల్చడం. సొగసరి అనొచ్చు, చక్కనమ్మ అనొచ్చు, వీటిలో ఏది అన్నా ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టే ఉంటుంది.

ఇంకొకటి, ‘అందాల ఆరబోత’. ఇది దాదాపు ప్రతి వారం కనిపిస్తోంది. వడ్లు, మిరపకాయలు ఆరబోస్తాం, మనుషుల్ని కాదు కదా!

ఫొటో కింద ఆమె పేరు, సినిమా పేరు, అందులో ఆమె చేసిన పాత్ర రాయండి, చాలు. మా అమ్మాయి ఆదివారం పేపర్ రాగానే ముందు ఆ పేజీయే తీస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు